స్టాండర్డ్ గంజి

ఝాన్సీ ఇంతవరకు ఎవరి ముందూ నోరు తెరిచి చెప్పని సంగతి ఒకటుంది. నూలగుంటలో మూడు వందల మగ్గాల వాళ్లు రోజూ తమ గంజిని ఏ గంజితో సరిపోల్చుకుంటున్నారో, ఆ గంజి చద్దిది. ఊరు మొత్తానికి ఈ సంగతి ఆమె ఒక్కతికే తెలుసు. తెలిసి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో రెండుసార్లు చెప్పబోయి మానేసింది. ఒకసారి ఎదురుగా అడిగితే అబద్ధం చెప్పింది.

నూలగుంట సంగతి తెలియని వాళ్లకు ముందు గంజి సంగతి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలకి, అంటే పడుగుకి, గంజి పట్టించాలి. ఎండ ముదరకముందే పడుగుని వీధి పొడవునా చాపి, బియ్యపు గంజి చల్లి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ నడుస్తూ కుంచెలతో దువ్వుతారు. గంజి ప్రతి దారానికీ సన్నటి తొడుగులా పట్టుకుంటేనే ఆ దారం మగ్గం దెబ్బలకి ఓర్చుకుంటుంది. గంజి ఎక్కువైతే దారం పెళుసెక్కి తెగుతుంది, తక్కువైతే నూగు లేచి తెగుతుంది. అందుకని గంజి కాయడం నూలగుంటలో ఒక విద్య. ఆ విద్యలో భద్రావతమ్మ తర్వాతే ఎవరైనా. డెబ్భై ఏళ్ల మనిషి. వీధి చివర ఆమె పొయ్యి వెలిగితే ముప్పై మగ్గాల వాళ్లు చెంబులూ బకెట్లూ పట్టుకుని ఆమె ఇంటి ముందు నిలబడేవాళ్లు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క వేసి రుద్ది, "ఇంకో రెండు ఉడుకులు రానివ్వండి" అనేది, లేకపోతే "పట్టుకుపోండి" అనేది. ఆ రెండు మాటలకీ ఎదురు చెప్పిన వాడు లేడు.

ఇదంతా పెట్టె రాకముందు.

ఆ రోజుల్లోనే యంత్రాల మగ్గాలు చేతి నేతని అచ్చు గుద్దినట్టు దించడం నేర్చాయి. రంగు నేర్చాయి, అంచు నేర్చాయి, చివరికి మనిషి చేసే చిన్న చిన్న పొరపాట్లు కూడా లెక్క ప్రకారం చేయడం నేర్చాయి. ఏది చేతి నేతో ఏది కాదో కొనేవాళ్లకి తెలియకుండా పోయింది. అవి నేర్చుకోనిది ఒక్కటే, గంజి. యంత్రాలు పడుగు మీద ప్లాస్టిక్ పొగ చల్లుకుంటాయి. కాబట్టి గుడ్డలో దాగి ఉన్న గంజి కణాలే చేతి నేతకి సాక్ష్యం అవుతాయని డాక్టర్ కరీముల్లా అనే భౌతికశాస్త్రవేత్త కనిపెట్టాడు. గంజిని కాచిన చోటే కొలిచి ముద్ర వేస్తే, ఆ ముద్ర గుడ్డ మీదికి వెళుతుంది. ముద్ర ఉన్నదే చేతి నేత, లేనిది కాదు.

ఆయన తెచ్చిన పెట్టె టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. మొదటి రోజు సొసైటీ ఆఫీసు అరుగు మీద దాన్ని పెట్టి, చుట్టూ చేరిన వాళ్లకి ఆయన ఓపిగ్గా చెప్పాడు. గంజి చూడటానికి ఒకే ద్రవంలా కనిపిస్తుంది కానీ, నిజానికి అది నీళ్లలో తేలుతున్న కోటానుకోట్ల సన్నటి కణాల గుంపు. ఇలాంటి మిశ్రమాన్నే కొలాయిడ్ అంటారు. పాలూ అంతే, సిరా కూడా అంతే. ఒక్కో కణం వెంట్రుక మందంలో రెండు వందో వంతు ఉంటుంది. నీటి అణువులు నాలుగు వైపుల నుంచీ తోస్తుంటే ఆ కణాలు క్షణం కుదురుగా ఉండవు. చిన్నవి గబగబా వణుకుతాయి, పెద్దవి నెమ్మదిగా కదులుతాయి. పెట్టెలోంచి లేజర్ కాంతిని పంపితే ఆ కణాల మీద పడి చెదిరి మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకుల వేగాన్ని బట్టి కణం సైజు చెప్పేయవచ్చు.

"వానాకాలం వీధి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి చూడండి," అన్నాడు డాక్టరు. "మీరు దీపం వైపు చూడకండి. ఎదుటి గోడ మీద పడే వెలుతురు చూడండి. ఉసిళ్లయితే వెలుతురు చకచకా అదురుతుంది. పెద్ద పెద్ద చిమ్మటలైతే నిదానంగా అదురుతుంది. పురుగుని చూడకుండానే పురుగు ఎంతదో తెలుస్తుంది కదా?"

నాగభూషణం అని, మాటకారి నేతగాడు ఒకడున్నాడు. "అయితే సార్, మీ పెట్టె గంజిని చూడదు. గంజి వణుకుని చూస్తదన్నమాట," అన్నాడు.

"నేను అరగంట చెప్పింది నువ్వు ఒక్క మాటలో చెప్పావు," అన్నాడు డాక్టరు.

పెట్టె నడిపే పని ఝాన్సీకి వచ్చింది. ఆమె ఇంటర్ మధ్యలో మానేసిన పిల్ల. పాడైన ఫోన్లు విప్పుతూ, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాలు వింటూ, ఏ ఒక్క చోటా కుదురుగా కూర్చోకుండా కాంతి గురించీ కటకాల గురించీ తనంతట తనే నేర్చుకుంది. దారిలో కుదుపులకి పెట్టెలో అద్దం పక్కకి జరిగితే డాక్టరు గారి శిష్యులు ఇద్దరు రెండు రోజులు తంటాలు పడ్డారు. ఝాన్సీ వచ్చి పిన్నీసుతో సరిచేసింది. సొసైటీ కమిటీ వాళ్లు డిగ్రీ ఉన్న మనిషిని వేయమన్నారు. డాక్టరు వినలేదు. "ఆ అమ్మాయికి కాగితం లేదు, చేయి ఉంది," అని వాదించి ఆమెని పెట్టించాడు. ఆ మాట ఝాన్సీ చెవిన పడింది. అంతకు ముందు ఆమె గురించి ఎవరూ అంత మాట అనలేదు.

ఇక తప్పు ఎక్కడ జరిగిందంటే.

పోల్చి చూడటానికి ఒక స్టాండర్డ్ కావాలి, దానికి సరితూగిన గంజికే ముద్ర. ఎవరి గంజి తీసుకోవాలని డాక్టరు అడిగితే ఊరంతా ఒకే ఇంటి వైపు చెయ్యి చూపించింది. ఒక శుక్రవారం తెల్లవారేసరికి ఆయన స్వయంగా భద్రావతమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఆమె "పట్టుకుపోండి" అన్నాక, ఒక సీసా నింపి ఝాన్సీ చేతికిచ్చాడు. గంటలోగా కొలవమన్నాడు, కాగితం మీద టైము వేయమన్నాడు. తాను రైలు అందుకోవడానికి వెళ్లిపోయాడు.

అప్పుడే కరెంటు పోయింది. పెట్టెలో బ్యాటరీ ముందురోజు రాత్రే అయిపోయింది. కరెంటు ఇప్పుడొస్తుంది ఇంకాసేపట్లో వస్తుందని ఝాన్సీ పదింటి దాకా చూసింది. లైను తెగింది, రేపటికి గానీ రాదని తెలిసింది. చేతిలో ఊరికల్లా మంచి గంజి. బయట ఎండ. మన ఇళ్లలో ఏ ఆడపిల్లయినా ఏం చేస్తుందో ఆమె అదే చేసింది. పక్క ఊళ్లో కరెంటు ఉన్న పిన్ని ఇంటికి సైకిలు మీద వెళ్లి, పులిసిపోకుండా సీసాని ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం కరెంటు వచ్చాక సీసా తెచ్చి, చల్లగా ఉంటే కొలత తేడా వస్తుందని జాగ్రత్తగా వేడి చేసి, కలియబెట్టి, పెట్టెలో పోసింది. కణం సైజు ఆరు వందల నలభై నానోమీటర్లని వచ్చింది. మూడుసార్లు కొలిచినా అదే. కాగితంలో టైము అని ఉన్న చోట ఒక క్షణం ఆగి, "శుక్రవారం, ఉదయం 5.50" అని రాసింది.

వేడి చేస్తే ఏ గంజయినా మళ్లీ మామూలు గంజి అవుతుందనే ఆమె నమ్మింది. వంటింట్లో అది నిజమే. పెట్టెకి మాత్రం కాదు.

ముద్రల పని మొదలైంది. మొదటి వారం ఊళ్లో ఒక్కడి గంజి కూడా నెగ్గలేదు. అందరికీ మూడు వందల పది, మూడు వందల ఇరవై. ఝాన్సీ లోలోపల కంగారు పడింది గానీ, భద్రావతమ్మ చేయి వేరు, మిగతా వాళ్ల చేతులు వేరు అనుకుంది. రెండో వారం నాగభూషణం, కూతురి ఓణీల ఫంక్షన్ హడావిడిలో గంజి కాచి మరిచిపోయి, పారబోయడానికి మనసొప్పక ఫ్రిజ్‌లోకి తోసి, మర్నాడు వేడి చేసి తెచ్చాడు. ఆరు వందల ముప్పై ఎనిమిది. ముద్ర పడింది.

ఆ మధ్యాహ్నానికే విషయం ఊరంతా పాకింది. నెల తిరక్కుండా నూలగుంటలో ఫ్రిజ్ లేని మగ్గం ఇల్లు లేదు. "మా ఆవిడ చేపల్ని గట్టు మీద పెట్టి గంజిని లోపల పెడతంది, పిల్లులకి పండగ," అని నాగభూషణం అరుగు మీద నవ్వించేవాడు. పెట్టె మీద జనానికి గురి కుదిరింది. కాఫీ హోటలు వాడు పాల కొలత బోర్డు మీద రాశాడు. ఒకావిడ కోడలు చిలికిన మజ్జిగ తెచ్చి కొలవమంది. మర్నాడు కోడలు అత్తగారు చిలికింది తెచ్చింది. రెండింటికీ ఒకే అంకె వచ్చేసరికి పెట్టె పాడైందని ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు.

పడుగులు మాత్రం తెగుతున్నాయి. ఎండాక దారం మీంచి గంజి పొట్టులా రాలుతోంది. నేతగాళ్లు ముడులు వేసుకుంటూ నూలు మిల్లుని తిట్టారు, ఎండని తిట్టారు. గంజిని ఎవరూ తిట్టలేదు. దానికి ముద్ర ఉంది.

భద్రావతమ్మ మూడుసార్లు వచ్చింది. ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు. వేడి తగ్గేలోపు దారానికి పట్టనిది గంజే కాదని ఆమె పట్టుదల. మొదటిసారి మూడు వందల పన్నెండు వస్తే పకపకా నవ్వింది. పెట్టెకి దిష్టి తీయమంది. రెండోసారీ అదే వస్తే నవ్వలేదు. చుక్క వేలి మీద వేసి చాలాసేపు రుద్దింది. "నా వేళ్లకి సరిగ్గా ఉంది. నీ పెట్టెకి లేదంటన్నావు. మా ఇద్దరిలో ఒకళ్లకి తిమ్మిరే అమ్మాయ్," అంది. మూడోసారి వచ్చినప్పుడు పెట్టె వైపు చూడనే లేదు. తన చేతి వైపు చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఊళ్లో అనే మాట ఆమె చెవిన కూడా పడింది. స్టాండర్డ్ తీసింది ఆవిడ కుండలోంచే కదా, ఇప్పుడు ఆవిడ గంజే దానికి సరితూగడం లేదంటే చేయి పోయినట్టే కదా, వయసు మరి, అన్నారు. ఎవరూ వెటకారంగా అనలేదు. జాలిగానే అన్నారు. చెంబులు ఒక్కొక్కటే ఆ ఇంటికి రావడం మానేశాయి.

ఝాన్సీకి నిజం తెలిసింది ఆ రోజుల్లోనే. ఆమె వింటున్న ఒక పాఠంలో పిండిపదార్థాల గురించి రెండు వాక్యాలు వచ్చాయి. ఉడికిన బియ్యపు పిండిలో విడిపోయిన పోగులు చల్లబడితే మళ్లీ దగ్గరకు చేరి ముద్దలు కడతాయి. ఒకసారి ముద్ద కడితే మామూలుగా వేడి చేసినా విడిపోవు. ఆమె పాఠం ఆపి, లేచి వెళ్లి, గంజి కాచింది. వేడిగా కొలిస్తే మూడు వందల పదకొండు. అదే గంజి ఒక పూటా ఒక రాత్రీ ఫ్రిజ్‌లో ఉంచి వేడి చేసి కొలిస్తే ఆరు వందల నలభై రెండు. ఆ రెండు అంకెలూ చెయ్యి మీద పెన్నుతో రాసుకుని, కాసేపయ్యాక సబ్బుతో కడిగేసుకుంది.

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తప్పు చేసినందుకు ఎవరూ పెద్దగా ఏమీ అనరు. టైము మార్చి రాసినందుకు అంటారు. చదువుకోని పిల్లకి అప్పజెబితే ఇంతే అంటారు. డాక్టరు గారిని కూడా అంటారు. ఆయన చేయి ఉందన్న మనిషి చేసిన పని ఇదీ అంటారు.

ఆ నెలలో డాక్టరు వచ్చాడు. నూలగుంట స్టాండర్డ్‌ని మరో పద్నాలుగు నేత ఊళ్లకి పంపబోతున్నారు. ఝాన్సీ ఆయనకి టీ పోసి, తన సంగతి కానట్టుగా అడిగింది.

"సార్, ఒకవేళ స్టాండర్డే తప్పయితే మనకెలా తెలుస్తుంది?"

ఆయన టీ ఊదుకుంటూ ఆలోచించాడు. "తెలియదమ్మా. దాన్ని బట్టే కదా మిగతావి తప్పో ఒప్పో చెప్తున్నాం. అందుకే మొదటి కొలత మీద అంత పట్టింపు. నువ్వు గంటలోపే కొలిచావుగా?"

"ఆ, కొలిచాను సార్."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం భద్రావతమ్మ తనే ఝాన్సీ ఇంటికి వచ్చింది. పెట్టె గురించి కాదు. చాప మీద కూర్చుని కళ్లు మూసుకుని, ఏదైనా నూలు చేతిలో పెట్టమంది. ఝాన్సీ తల్లి చుట్టుపక్కల మగ్గాల వాళ్లకి కండెలకి నూలు చుట్టిచ్చే మనిషి కాబట్టి ఇంట్లో నాలుగు రకాల నూలు ఉంది. ఝాన్సీ ఒక పోగు పెట్టింది. "అరవయ్యో నంబరు," అంది భద్రావతమ్మ, పోగు సన్నదనం వేళ్లతోనే చూసి. ఇంకొకటి పెట్టింది. "ఎనభై." మూడోది పెట్టింది. "ఇదీ ఎనభయ్యే. కాకపోతే చెమ్మ తగిలింది." మూడూ నిజమే. ఝాన్సీ కావాలని రెండు పోగులు కలిపి పెడితే, విడదీసి చెరో చేతిలోకి తీసుకుంది.

"అన్నీ సరిగ్గా చెప్పావు అత్తా," అంది ఝాన్సీ. వరసకి అత్త కాదు. చిన్నప్పటి నుంచీ ఆ పిలుపే.

"చెప్తాను. అరవై ఏళ్ల అలవాటు కదే, నోరు చెప్పేస్తది. వేళ్లకి నిజంగా తెలుస్తందో లేదో నాకెట్టా తెలిసేది? పెట్టెకి తిమ్మిరి రాదు కదా."

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఇంతలో భద్రావతమ్మ, ఒంగోలులో నరాల డాక్టరుకి చూపించుకున్నానని చెప్పింది. పరీక్షలో అటూ ఇటూగా వచ్చిందట. ఈ వయసులో ఈ పని చేసిన ఎవరికైనా అలాగే వస్తుందట. వేళ్లు నిజంగా పనిచేయడం లేదని మీరు చెబితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని అనుకోవాలి, కోసి వదులు చేయవచ్చు, అన్నాడట. కోశాక కొంతమందికి వేలి కొసల్లో స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చని కూడా చెప్పాడట.

"నువ్వేం చెప్పావు?" అని అడిగింది ఝాన్సీ.

"పనిచేయట్లేదనే చెప్పాను. అంకె కనపడతా ఉంటే బుకాయించేదేముంది?"

ఝాన్సీ లేచి లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. తెచ్చేసరికి ఆమె చెప్పులేసుకుంటోంది.

ఇవాళ గురువారం. పొద్దున ఎనిమిదింటికి సొసైటీ ఆఫీసు తలుపులు తీసేసరికి నాగభూషణం తన గంజి గిన్నెతో అరుగు మీద ఉన్నాడు. ఆరు వందల నలభై ఒకటి వచ్చింది. ముద్ర వేయించుకుంటూ కబుర్లు చెప్పాడు. భద్రావతమ్మని తెల్లవారుజామునే కోడలు ఈశ్వరి ఒంగోలు తీసుకెళ్లిందట. పదకొండింటికి ఆపరేషనట. బస్సెక్కే ముందు తన గంజి కుండ నాగభూషణం వాళ్ల ఇంట్లో ఇచ్చి వెళ్లిందట.

"తోమి ఇచ్చింది. ఇంక మీరు వాడుకోండ్రా అంది. మా ఆవిడ ఫ్రిజ్‌లో పట్టిద్దేమోనని చూసింది, పట్టలా," అన్నాడు. తన మాటకి తనే నవ్వబోయి, ఝాన్సీ ముఖం చూసి ఆపేశాడు. "ఏం పాపా, పెట్టె ఏమన్నా తప్పు చూపించిందా?"

"లేదు బాబాయ్. పెట్టె సరిగ్గానే ఉంది."

అతను వెళ్లాడు. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. ముద్రలు వేసి పంపించింది. తొమ్మిదిన్నరకి అరుగు ఖాళీ అయింది. వీధిలో ఎవరిదో పడుగు చాపి ఉంది. దువ్వే మనిషి నాలుగడుగులు నడిచి ఆగుతున్నాడు, తెగిన పోగు వెతికి ముడేస్తున్నాడు, మళ్లీ నాలుగడుగులు నడుస్తున్నాడు.

పద్నాలుగు ఊళ్ల సంగతి ఝాన్సీ నిదానంగా ఆలోచించుకోవచ్చు. డాక్టరు గారికి ఫోను చేస్తే ఉష్ణోగ్రత గురించీ, పోగులు ముద్ద కట్టడం గురించీ, కాగితంలో రాసిన టైము గురించీ చెప్పాలి. ఆయన ప్రశ్నలు వేస్తాడు. తాను జవాబులు చెబుతుంది. ఆయన బాధపడతాడు, స్టాండర్డ్ మళ్లీ తీస్తాడు. అదంతా మధ్యాహ్నం జరిగినా సాయంత్రం జరిగినా జరుగుతుంది. ఆ పెట్టెని మళ్లీ సరిచేయవచ్చు. పిన్నీసుతోనైనా సరిచేయవచ్చు.

పదకొండింటికి జరగబోయేదాన్ని సరిచేయడానికి లేదు.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. ఈశ్వరికి చేసి చెప్పించవచ్చు కదా అని ఒక ఆలోచన వచ్చింది. ఇంకొకరి నోటితో చెప్పిస్తే భద్రావతమ్మ నమ్మదు. ఎదురుగా అంకె కనపడుతుంటే అరవై ఏళ్ల వేళ్లని కాదనుకున్న మనిషి. టైము మార్చి రాసిన మనిషే చెప్పాలి, ఏ రోజు ఏ పూట కొలిచిందీ, ఫ్రిజ్ ఎవరి ఇంట్లోదీ, అన్నీ వరసగా. తిట్టనీ. ఊరంతటి ముందూ తిట్టనీ. ముందు ఆవిడ ఆ ఆసుపత్రి నర్సు చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

"అత్తా, నీ గంజి మూడు వందల పన్నెండు. అదే సరైనది," అని మొదలుపెడదామనుకుంది ఝాన్సీ. మిగతాది ఆ తర్వాత దానంతటదే వస్తుంది. ఫోనులో పేర్ల వరసలో భద్రావతమ్మ పేరు దాకా వెళ్లి, దాని మీద వేలు ఆనించింది.